ఉగాండా వెళ్దామనుకుంటున్న బుజ్జికి

బుజ్జీ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్) రెండో ఏడాదిలో ఆఫ్రికాలో ఏదైనా హెచ్ఐవీ పరిశోధనా కేంద్రంలో ఇంటర్న్‌షిప్ చేయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి పెద్దమ్మా అని అడిగావు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావు, అందుకే కూర్చుని రాస్తున్నాను. 2003 నుంచి ఆరేళ్ళు ఉగాండాలో, మసాకా వైపు, ఒక పరిశోధనా కేంద్రంలో డేటా పని చేశాను కదా. అక్కడ ఎవరో నేర్పితే నేర్చుకున్నవీ, తప్పు చేసి నేర్చుకున్నవీ రెండూ చెప్తాను.

ముందు నువ్వు మెసేజ్‌లో చెప్పిన ఆ ఏజెన్సీ సంగతి. నాలుగు వారాలకి లక్షల్లో కట్టమన్నారు, హెచ్ఐవీ క్లినిక్‌లో ప్రాక్టికల్ అనుభవం ఇప్పిస్తామన్నారు. వద్దు తల్లీ. కొన్ని కేంద్రాలు బెంచ్ ఫీజు (వాళ్ళ ల్యాబ్, వసతులు వాడుకున్నందుకు) తీసుకుంటాయి, ఎథిక్స్ కమిటీ రుసుము కట్టమంటాయి, అది వేరే లెక్క. డబ్బు కట్టినవాళ్ళందరినీ తెచ్చి రోగి పక్కన నిలబెట్టే చోట ఆ రోగికి మర్యాద ఉండదు. శిక్షణ లేనివాళ్ళ చేతికి సూది ఇచ్చే చోట నీకూ రక్షణ ఉండదు.

సరైన దారి నిదానంగా సాగుతుంది. మీ డిపార్ట్‌మెంట్‌లో ఎవరి పేపర్లలో ఆఫ్రికా పరిశోధకుల పేర్లు కలిసి ఉన్నాయో వెతుకు. ఆ ప్రొఫెసర్ చేత ఒక్క మెయిల్ రాయిస్తే నువ్వు రాసే యాభై మెయిళ్ళ పెట్టు. అలా ఎవరూ దొరక్కపోతే నువ్వే రాయి, కానీ ఊరికే ఆసక్తి ఉందని రాయకు. వాళ్ళ అధ్యయనం ఒకటి మొదటినుంచి చివరిదాకా చదివి, అందులో నీకు అర్థంకానిది ఒకటి అడుగు. ఉగాండాలో కలిసిజోలోని రాకాయ్ హెల్త్ సైన్సెస్ ప్రోగ్రాం, ఎంటెబ్బెలో ఎంఆర్‌సీ (బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్) వాళ్ళ యూనిట్, దక్షిణాఫ్రికాలో డర్బన్‌లోని కాప్రిసా, క్వాజులు-నటాల్‌లోనే సోమ్‌ఖేలే దగ్గర ఆఫ్రికా హెల్త్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, కెన్యాలో ఎల్డొరెట్‌లోని యాంపాత్, జాంబియాలో లుసాకాలోని జాంబార్ట్. ఇవన్నీ హెచ్ఐవీ మీద పని చేసే సంస్థలు, వీటి పనులు చూడు. అన్నిటికీ ఒకే మెయిల్ కాపీ చేసి పంపకు, చదివేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

కనీసం మూడు నెలలు పెట్టుకో, వీలైతే ఆరు. నెల రోజులకి వెళ్తే నీకు పని నేర్పడానికే వాళ్ళ నెల పోతుంది. నీకు పని వచ్చేసరికి నువ్వు విమానం ఎక్కేస్తావు.

నువ్వు ఎవరి దగ్గరికి వెళ్తున్నావో తెలుసుకుని వెళ్ళు. అప్పటి రాకాయ్ జిల్లాలో (ఇప్పుడది క్యోటేరా జిల్లా), విక్టోరియా సరస్సు ఒడ్డున, కసెన్సెరో అని చేపల రేవు ఉంది. 1980ల మొదట్లో అక్కడ మనుషులు చిక్కి శల్యమై చనిపోవడం మొదలైంది. ఊళ్ళో వాళ్ళు దానికి 'స్లిమ్' అని పేరు పెట్టుకున్నారు. అది ఎయిడ్సే. 1985లో దాని గురించి లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో 1994 నుంచి పెద్ద సర్వే నడుస్తోంది. ఊరూరా తిరిగి ప్రశ్నలు అడగడం, రక్తం తీసుకోవడం. సున్తీ చేయించుకుంటే మగవాళ్ళకి హెచ్ఐవీ సోకే అవకాశం దాదాపు సగానికి తగ్గుతుందని 2007లో ప్రపంచానికి చెప్పిన అధ్యయనాల్లో రాకాయ్‌ది ఒకటి. 2024లో లెనకపవిర్ అనే హెచ్ఐవీ నివారణ మందు ఫలితం వచ్చింది చూశావా, ఆరు నెలలకోసారి ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మంది అమ్మాయిల్లో ఒక్కరికీ హెచ్ఐవీ సోకలేదు. వాళ్ళందరూ దక్షిణాఫ్రికా, ఉగాండా పిల్లలే. ఇప్పుడు మన హైదరాబాద్ కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటెరో దాని జెనరిక్‌ని పేద దేశాలకి ఏడాదికి 40 డాలర్లకే 2027 నుంచి ఇస్తామని ఒప్పుకున్నాయి. ఆ అమ్మాయిలు ఒప్పుకుని చెయ్యి చాపకపోతే ఇదేదీ లేదు. అందుకే సేవ చేయడానికి వెళ్తున్నానని అప్లికేషన్‌లో రాయకు. నేర్చుకోవడానికి వెళ్తున్నావు, అదే రాయి.

నేను ఎంత నేర్చుకోవాల్సి వచ్చిందో ఒకటి చెప్తాను. వెళ్ళిన రెండో నెలలో డేటా ఫైల్ శుభ్రం చేస్తూ కూర్చున్నాను. ఒకే ఇంట్లో, ఒకే వయసు ఆవిడ పోయిన సర్వేలో ఒక పేరుతో ఉంది, ఈసారి నలోంగో అని ఉంది. పక్క ఊళ్ళో ఇంకో నలోంగో. తర్వాతి పేజీలో మరొకరు. ఫీల్డ్ వాళ్ళు నిర్లక్ష్యంగా రాశారనుకున్నాను. ఇద్దరు వేర్వేరు మనుషులుగా విడగొట్టేయబోతుంటే, ఆ ఊళ్ళన్నీ తిరిగిన ఇంటర్వ్యూయర్ ఒకాయన నా స్క్రీన్ వైపు చూసి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. బుగాండాలో, అంటే ఈ ప్రాంతంలో, కవల పిల్లలు పుడితే తల్లిని నలోంగో అంటారు, తండ్రిని సాలోంగో అంటారు, ఆ రోజు నుంచి ఊరంతా అదే పేరుతో పిలుస్తుంది అని చెప్పాడు. కవలలకీ పేర్లు ముందే ఉంటాయి: ఆడపిల్లలైతే బాబిర్యె, నకాటో, మగపిల్లలైతే వాస్వా, కాటో. నాకు తప్పులా కనిపించిన ప్రతి వరసా ఒక ఇంట్లో కాన్పు కబురు. నేను ఆ మార్పులు సేవ్ చేసి ఉంటే ఎంతమంది తల్లులు ఆ ఫైల్లోంచి మాయమయ్యేవాళ్ళో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. నువ్వు స్టాటా, ఆర్, రెడ్‌క్యాప్ అనే డేటా సాఫ్ట్‌వేర్లు నేర్చుకుని వెళ్ళు, చాలా పనికొస్తాయి. కానీ ఫీల్డ్ వాళ్ళని అడక్కుండా ఒక్క వరస కూడా మార్చకు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. క్లినిక్ రోజుల్లో మనుషులు తక్కువైతే నన్ను రిజిస్టర్ దగ్గర కూర్చోబెట్టేవారు. అక్కడ ఒక చిన్న వయసు కోడలు నాకు బాగా పరిచయమైంది. ఒకరోజు సంతలో కనిపించింది. మటోకె అనే కూర అరటిగెల బేరమాడుతోంది, పక్కన అత్తగారు. మన అలవాటు కదా, నవ్వుతూ పేరు పెట్టి పిలిచాను, ఒంట్లో ఎలా ఉందని కూడా అడిగాను. ఆ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క భారతీయురాలిని నేను. నేను ఎక్కడ పనిచేస్తానో గెల అమ్మేవాడికి కూడా తెలుసు. ఆ పిల్ల నన్ను ఎప్పుడూ చూడనట్టు ముఖం తిప్పుకుంది. డబ్బులిచ్చేటప్పుడు చెయ్యి వణికింది. మరుసటి నెల మందులకి రాలేదు. మా కౌన్సెలర్ వెతుక్కుంటూ వెళ్తే, చాలా దూరంలో ఇంకో క్లినిక్‌కి మారిపోయానని చెప్పిందట. మందులు ఆపలేదు, అదొక్కటే నాకు ఊరట. కౌన్సెలర్ నన్ను తిట్టలేదు. "బయట కనిపిస్తే వాళ్ళు పలకరిస్తేనే మనం పలకరించాలి" అని మాత్రం అంది. ఈ మాట నీకు ఏ ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సులోనూ ఇంత గట్టిగా ఎక్కదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఫోటోలు, స్టేటస్‌లు వద్దే వద్దు. క్లినిక్ గేటు దగ్గర సెల్ఫీ తీసుకుంటే వెనకాల బెంచీ మీద ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు.

వాళ్ళు ఎంత జాగ్రత్త పడతారో చూస్తే నీకే అర్థమవుతుంది. 2004లో అమెరికా ప్రభుత్వపు హెచ్ఐవీ సాయ పథకం పెప్ఫార్ డబ్బుతో మందులు ఉచితంగా రావడం మొదలయ్యాక, ఒకావిడ మాత్రల సీసా తీసుకుని అక్కడే కూర్చుని గోటితో లేబుల్ గీకేసేది. తర్వాత సంచీలోంచి దూది తీసి సీసాలో కుక్కేది, నడుస్తుంటే మాత్రలు గలగలలాడి బస్సులో పక్కవాళ్ళకి తెలియకూడదని. కొన్నాళ్ళకి ఆ సీసాల మీద హైదరాబాద్ అని అచ్చేసి రావడం మొదలైంది. నాకేమో అది చూస్తే సంతోషం, ఆవిడకేమో అది గీకేయాల్సిన కాగితం. ఇద్దరిదీ న్యాయమే కదా.

ఇంకో మాట, ఇది ఈ రోజుల్లో తప్పకుండా ఆలోచించాలి. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేశాక ఆఫ్రికాలో హెచ్ఐవీ పని చేసేవాళ్ళు చాలామంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. కౌన్సెలర్లు, డేటా క్లర్కులు, ఊళ్ళు తిరిగే కార్యకర్తలు. నువ్వు జీతం లేకుండా వెళ్ళి కూర్చునే కుర్చీ నిన్నటిదాకా ఎవరిదో కనుక్కో. మొహమాటపడకుండా అడుగు: "ఈ పనికి ఇంతకుముందు ఇక్కడివాళ్ళు ఎవరైనా ఉండేవారా?" అవునంటే ఆ పని తీసుకోకు, ఇంకేదైనా నేర్పమను. మందుల సరఫరా, ఫాలో-అప్‌లు కూడా దెబ్బతిన్నాయి కాబట్టి నీ ప్రాజెక్టుకి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో, ఎప్పటిదాకా ఉందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకో.

కాగితాల పని త్వరగా చెప్పేస్తాను. మనుషుల మీద పరిశోధన ఎలా చేయాలో నేర్పే గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ సర్టిఫికెట్ ఆన్‌లైన్లో చేసెయ్. టూరిస్ట్ వీసా మీద వెళ్ళి పని చేయకు, ఏ వీసా కావాలో ఆహ్వానించే సంస్థనే ఉత్తరంలో రాసివ్వమను. ఉగాండాకి ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి, ప్రయాణానికి పది రోజుల ముందైనా వేయించుకోవాలి. టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు తిరిగి వచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనూ అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. మలేరియా మాత్రల గురించి డాక్టర్‌ని అడుగు, దోమతెర కింద పడుకో. బోడా బోడా (అక్కడి మోటార్‌సైకిల్ టాక్సీ) ఎక్కాల్సి వస్తే హెల్మెట్ లేకుండా ఎక్కకు. మీ అమ్మకి టెన్షన్ అంతా హెచ్ఐవీ గురించే, నాకు మాత్రం నీ గురించి భయం ఆ మోటార్‌సైకిళ్ళ దగ్గరే. ల్యాబ్‌లోనో వార్డులోనో సూది గుచ్చుకుంటే దాచకు. పెప్ మందులు (హెచ్ఐవీ సోకకుండా ఆపేవి) ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు, 28 రోజులు వాడాలి. వెళ్ళిన మొదటిరోజే ఆ మందులు ఏ అల్మారాలో ఉంటాయో, తాళం ఎవరి దగ్గర ఉంటుందో అడిగి పెట్టుకో.

అక్కడి భాష లుగాండా కొంచెం నేర్చుకో. పెద్దావిడ ఎదురైతే "ఓలి ఓట్యా, న్యాబో", మగాయనైతే "సేబో". ఆ పలకరింపు తొందరగా తెమలదు, ఇంట్లో అందరి క్షేమం అడగాలి, మన పల్లెటూళ్ళలోలాగే. పని పాడైపోతోందని గడియారం చూసుకోకు. అది అయ్యాకే ఎవరైనా నీతో మనసువిప్పి మాట్లాడతారు.

అప్లికేషన్ డ్రాఫ్ట్ ఆదివారం లోపు పంపు, దిద్ది ఇస్తాను. ఎల్లో ఫీవర్ టీకాకి నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)కి నేనే తీసుకెళ్తానని మీ అమ్మకి చెప్పు. పాస్‌పోర్టు మర్చిపోకుండా తెచ్చుకో, అది లేకపోతే కార్డు ఇవ్వరు.

ప్రేమతో,
పెద్దమ్మ