తాళంచెవులు పెద్దవాళ్ల చేతుల్లో

చిరంజీవి రచయిత్రికి,

నీ ఉత్తరమూ, దానితోపాటు నవల మొదటి మూడు అధ్యాయాలూ అందాయి. నన్ను మాస్టారూ అని సంబోధించావు కనుక ఆ చనువుతో 'నువ్వు' అనే రాస్తున్నాను. ఐదుగురు ఇంటర్మీడియట్ పిల్లలు ముంబయి వెళ్లి ఒక వజ్రాల వ్యాపారి ఇంటికి కన్నం వేసే కథ ఇది. ఇంగ్లిషులో వచ్చిన ఈ తరహా నవలలన్నీ వరుసబెట్టి చదివాకే రాయడం మొదలుపెట్టానని, అయినా చదివిన స్నేహితులు "బాగానే ఉంది" అని ఊరుకుంటున్నారని, లోపమెక్కడుందో చెప్పమని అడిగావు. నీ వాక్యం శుభ్రంగా ఉంది, దొంగతనం పథకం కూడా పకడ్బందీగానే ఉంది. అయితే దొంగలు పదహారేళ్లవాళ్లే ఎందుకు కావాలో మాత్రం నాకు ఈ మూడు అధ్యాయాల్లో ఎక్కడా తెలియలేదు. వాళ్ల వయసు ముప్పైకి మార్చినా నీ కథలో ఒక్క పేజీ కూడా మారదు.

ఈ నవలల ఆకర్షణ అంతా తెలివితేటల్లోనే ఉందని చాలామంది అనుకుంటారు. లేజర్ కిరణాలు, నకిలీ వేలిముద్రలు, చివరి నిమిషంలో తిరగబడే పాచిక, ఇవన్నీ పెద్దవాళ్ల దొంగతనం కథల్లోనూ ఉన్నాయి. పిల్లలు దొంగలైనప్పుడు కొత్తగా వచ్చి చేరేది వేరే ఉంది. పదహారేళ్ల వయసులో మనిషి జీవితంలోని తాళంచెవులన్నీ ఇతరుల దగ్గరే ఉంటాయి. ఏ గ్రూపు తీసుకోవాలో, ఏ హాస్టల్లో ఉండాలో, ఔటింగ్‌కు ఎప్పుడు వదలాలో, ఫోన్ ఎంతసేపు చేతిలో ఉండాలో వేరెవరో నిర్ణయిస్తారు. అంతకన్నా బాధ కలిగించేది ఇంకొకటుంది. ఆ వయసువాళ్ల మీద ఎవరూ ఏ పనికీ ఆధారపడరు. వాళ్లు రాకపోతే హాజరుపట్టీలో ఒక గడి ఖాళీగా ఉంటుంది, అంతే. దొంగల జట్టులో అలా కుదరదు. తాళం తీసేవాడు ఒకడు, గోడ ఎక్కేది ఒకతె, నమ్మకంగా అబద్ధమాడేవాడు మరొకడు. వీళ్లలో ఎవరు తప్పుకున్నా పని ఆగిపోతుంది. ర్యాంకుగానూ హాల్‌టికెట్ నంబరుగానూ మాత్రమే పిలిపించుకున్న పిల్లకు "నువ్వు లేకపోతే ఇది జరగదు" అన్న మాట వినబడటం ఏ వజ్రం కన్నా పెద్ద విషయం. కుర్ర పాఠకులు ఈ పుస్తకాల్లో వెతుక్కునేది ఆ మాటనే అని నా నమ్మకం.

పిల్లదొంగలు సాహిత్యానికి కొత్తేమీ కాదు. 1837 నుంచి 1839 దాకా ధారావాహికగా వచ్చిన డికెన్స్ 'ఆలివర్ ట్విస్ట్' నవలలో లండన్ వీధుల్లో జేబురుమాళ్లు కొట్టేసే పిల్లల ముఠా ఉంది. అందులో ఆర్ట్‌ఫుల్ డాడ్జర్ అనే కుర్రవాడి హస్తలాఘవమూ, పెద్దమనిషి తరహా డాబూ చూసి ఈనాటికీ ముచ్చటపడతాం. కానీ ఆ పిల్లలు తెచ్చిన సొమ్మంతా ఫాగిన్ అనే ముసలివాడి పెట్టెలోకి పోతుంది. పనితనం పిల్లలది, పథకం పెద్దవాడిది. ఇప్పటి నవలలు ఆ ఫాగిన్‌ను ఆ స్థానంలోంచి లేపేశాయి. పథకం వేసేది పిల్లలే, పంచుకునేదీ వాళ్లే, పెద్దవాడెవడైనా ఉంటే తలుపుకు అవతల ఎదురుపక్షంగా ఉంటాడు. ఈ ఒక్క మార్పుతోనే పాత దీనగాథ సాహసకథగా మారిపోయింది.

లీ బార్డుగో 2015లో రాసిన 'సిక్స్ ఆఫ్ క్రోస్' నువ్వు చదివే ఉంటావు. మరొకసారి చదువు, ఈసారి కథ కోసం కాకుండా చదువు. కెటర్‌డామ్ అనే కల్పిత వర్తక నగరంలో కాజ్ బ్రెక్కర్ అనే పదిహేడేళ్ల ముఠా నాయకుడు మూడు కోట్ల క్రూగెల (ఆ నగరపు డబ్బు) ప్రతిఫలానికి ఒప్పుకుని, ఎవరూ చొరబడలేదని పేరున్న ఐస్ కోర్ట్ అనే కోటలోంచి ఒక శాస్త్రవేత్తను తప్పించడానికి జట్టు కడతాడు. ఇంతవరకు మామూలు కథే. ఆ ఆరుగురికీ ఉన్న విద్య ఎక్కడినుంచి వచ్చిందో చూడు. ఇనేజ్ తాడు మీద నడిచే కళాకారుల కుటుంబంలో పుట్టి, బానిస వ్యాపారుల చేతికి చిక్కి, ఆ నగరంలో అమ్ముడుపోయిన పిల్ల. అడుగుల చప్పుడు వినబడకుండా ఎక్కడికైనా ఎక్కగలగడం ఆమెకు ఇంటినుంచి వచ్చిన ఆస్తి, ఇంట్లోవాళ్ల గుర్తుగా ఆమె దగ్గర మిగిలిందీ అదే. చల్లారి ఉంటుందనుకున్న చెత్త కొలిమి గొట్టం వేడెక్కి ఉందని ఆమెకు అందులో సగం ఎక్కాక తెలుస్తుంది. చెప్పుల అడుగున రబ్బరు కరిగి, కాలు పట్టు దొరకదు. సాధారణ రచయిత అక్కడ ఉత్కంఠ పెంచి, పైకి చేర్చి, ఊరుకుంటాడు. బార్డుగో మాత్రం తాను ఎవరి కోసం ఎక్కుతున్నానన్న ప్రశ్నను ఆ గొట్టంలోనే ఆ పిల్ల చేత వేయిస్తుంది. కాజ్ కోసమూ సొమ్ము కోసమూ కాదని, సొంత ఓడ సంపాదించి తనలాంటి పిల్లలను ఎత్తుకుపోయే వ్యాపారులను సముద్రం మీద వేటాడాలని ఆమె అక్కడే, అరికాళ్లు కాలుతుండగా నిశ్చయించుకుంటుంది. దొంగతనంలో అతి కష్టమైన ఘట్టమూ ఆ పాత్ర జీవితంలో అతి ముఖ్యమైన నిర్ణయమూ ఒకేచోట జరగడం యాదృచ్ఛికం కాదు. మిగిలినవాళ్ల విషయంలోనూ బార్డుగో ఇదే పద్ధతి పాటించింది. గురి తప్పని జెస్పర్‌కు జూదం వ్యసనం; మనుషుల లోపాలన్నీ లెక్కగట్టగల కాజ్ చేతికి తొడుగు లేకుండా ఎవరినీ తాకలేడు.

ఇప్పుడు నీ రెండో అధ్యాయంలోని హ్యాకర్ కుర్రవాణ్ని చూడు. వాడు యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నాడని ఒక్క వాక్యంలో తేల్చేశావు. అలాంటి విద్యను కథలో ఎక్కడైనా వాడుకోవచ్చు, అందుకే అది ఎక్కడా గుర్తుండదు. వాడు మొట్టమొదట ఎవరి పాస్‌వర్డ్ కనుక్కున్నాడు, ఏం చూడాలని కనుక్కున్నాడు, చూసి ఏం తెలుసుకున్నాడు? నాకు కావలసింది ఇది.

మన వెనుక కూడా ఈ విషయంలో ఘనమైన సంప్రదాయమే ఉంది. శూద్రకుడి 'మృచ్ఛకటికం'లో శర్విలకుడు గోడకు కన్నం వేయబోతూ, ఆ కన్నం పద్మం ఆకారంలో ఉండాలా పూర్ణకుంభం ఆకారంలో ఉండాలా అని శిల్పి లాగా ఆలోచిస్తాడు. కొలతాడు తేవడం మరిచిపోయి జంధ్యంతో కొలుస్తాడు. ఈ హాస్యమంతటికీ అడుగున ఉన్న సంగతేమిటంటే, అతను దొంగిలించేది ప్రేమించిన మదనికను దాస్యంనుంచి విడిపించుకోవడానికి. దండి 'దశకుమారచరితం'లో అపహారవర్మ నల్లని బట్టలు కట్టుకుని చీకట్లోకి బయలుదేరేటప్పుడు వెంట తీసుకుపోయే సరంజామా జాబితా ఒకటుంది. గడ్డపార, పట్టకారు, కొలతాడు, కన్నంలోంచి ముందుగా దూర్చి చూడటానికి ఒక బొమ్మ తల, దీపాలను ఆర్పడానికి తుమ్మెదలు నింపిన పెట్టె. ఎన్ని శతాబ్దాలు గడిచినా ఆ తుమ్మెదల పెట్టె దగ్గర పాఠకుడు ఆగి నవ్వుకుంటాడు. ఈ కథను 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు కనుక, దొంగకథ రాస్తే పెద్దలు ఏమనుకుంటారోనన్న నీ భయానికి పెద్దగా ఆధారం లేదు. అపహారవర్మ చంపానగరంలో దోచుకునేది లోభులను. ఒక గణిక చేతిలో సర్వస్వం పోగొట్టుకున్నవాడికి ఆ సొమ్ము తిరిగి ఇప్పిస్తానని మాట ఇస్తాడు. పోయినది ఎవరిదో వాళ్లకు చేరడమన్న సూత్రం ఇక్కడ కూడా కనిపిస్తుంది.

ఆ సూత్రాన్ని ఇంగ్లిషు నవలలు గట్టిగా పట్టుకున్నాయి. ఆలీ కార్టర్ 2010లో ప్రచురించిన 'హైస్ట్ సొసైటీ'లో పదిహేనేళ్ల కాట్ దొంగల కుటుంబంలో పుట్టి, ఆ వృత్తి వదిలేసి, తండ్రి మీద పడ్డ నింద కారణంగా మళ్లీ అందులోకి దిగుతుంది. ఆమె వెతికే వర్ణచిత్రాలు నాజీల కాలంలో అసలు యజమానుల దగ్గర కొల్లగొట్టినవని తెలిసిన క్షణంనుంచి ఎవరు దొంగ అన్న ప్రశ్న తలకిందులవుతుంది. నీ వజ్రాల వ్యాపారి పాపం ఏం చేశాడు? ధనవంతుడు కావడం తప్ప అతనిలో నాకు మరో దోషం కనిపించలేదు.

ఇక దాచిపెట్టడం సంగతి. పథకమంతా పాఠకుడికి ముందే చెబితే అది చెడిపోవాలి, పారాలంటే ముందుగా చెప్పకూడదు అన్న నియమం నీకు తెలిసినట్టే ఉంది. అయితే దాచడంలో న్యాయం ఉండాలి. మేగన్ వేలన్ టర్నర్ 1996లో రాసిన 'ది థీఫ్' అనే నవల మరుసటి ఏడాది అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబరీ ఆనర్ పొందింది. అందులో జెన్ అనే కుర్రదొంగ తన కథను తానే చెబుతాడు. చివరికి వచ్చాక, అతను మననుంచి దాచినది ఎంత పెద్దదో తెలిసి, కోపంతో వెనక్కి తిప్పి చూస్తే, మనతో అబద్ధమాడినట్టు ఎక్కడా దొరకడు. చెప్పవలసిన సంగతి పక్కనుంచి నడిచి వెళ్లిపోయాడంతే. పాఠకుడు తనను ఆ జట్టులో ఒకడిగా లెక్కవేసుకునే చదువుతాడు. జట్టులోవాడికి చివరిదాకా కొన్ని విషయాలు తెలియకపోవచ్చు, కానీ తప్పు చెప్పి పంపారని తెలిస్తే మళ్లీ మీతో రాడు. నీ మూడో అధ్యాయంలో ఆ అమ్మాయి మనసులో "భయంతో వణికిపోయింది" అని రాసి, తర్వాతి పేజీలో అదంతా నటన అన్నావు. బయటికి వణికినట్టు కనిపించిందని రాసి ఉంటే ఒప్పుకునేవాణ్ని. మనసులోకి తీసుకువెళ్లి మోసం చేయకూడదు.

పథకం చెడిపోయేచోట యంత్రాల కన్నా మనుషులను నమ్ముకో. 2003 ఫిబ్రవరిలో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ వజ్రాల కేంద్రంలో ఖజానా దోచుకున్నవాళ్లు ఎన్నో రక్షణ వలయాలను దాటి బయటపడ్డారు. చివరకు దారిపక్కన పారేసిన చెత్త సంచి వాళ్లను పట్టించింది. మన హైదరాబాదులోనే 2018లో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలోకి ఇద్దరు వెంటిలేటర్ గుండా తాడు సాయంతో చొరబడి, వజ్రాలూ కెంపులూ పొదిగిన మూడు గిన్నెల బంగారు టిఫిన్ బాక్సునూ, కప్పూ సాసరూ చెంచానూ ఎత్తుకుపోయి కొద్దిరోజులకే దొరికిపోయారు. వాళ్లలో ఒకడు ఆ టిఫిన్ బాక్సులో భోజనం కూడా చేశాడని పోలీసులు చెప్పినట్టు పత్రికల్లో చదివాను. నువ్వు మూడు అధ్యాయాల్లో పేర్చిన సెన్సార్లన్నిటికన్నా నాకు ఆ భోజనం మీదే ఎక్కువ ఆసక్తి. రచయిత దృష్టి వెళ్లవలసింది అక్కడికే.

పిల్లలకు దొంగతనం నేర్పుతావా అని నిన్ను తప్పక అడుగుతారు. వెన్నదొంగ పాటలతో పిల్లలను నిద్రపుచ్చే ఇళ్లనుంచే ఎక్కువగా అడుగుతారు. దానికి జవాబుగా చివరి అధ్యాయంలో పోలీసుల చేత ఉపన్యాసం ఇప్పించకు. ఆ ఉపన్యాసం ఏ పిల్లా చదవదు. ఈ దొంగతనానికి మూల్యం ఎవరు చెల్లించారన్నది మాత్రం దాచకుండా రాయి. నీ కథలో పిల్లలు మత్తుమందు కలిపిన టీ ఇచ్చి వాచ్‌మన్‌ను నిద్రపుచ్చి లోపలికి పోతారు. తెల్లవారితే అతని ఉద్యోగం పోతుంది, బహుశా అతన్నే మొదట లాకప్‌లో వేస్తారు. ఆ ఐదుగురిలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు, నీకు కూడా తట్టినట్టు లేదు. పెద్దవాళ్ల చేతిలో తాళంచెవులున్నాయని నేనన్న మాట అందరు పెద్దవాళ్లకూ వర్తించదు. కొందరు ఎవరి తాళాలకో కాపలా కాస్తారు.

ఇక నా అసలు సూచన. మూడో అధ్యాయం మధ్యలో నాలుగు వాక్యాల్లో ఒక సంగతి చెప్పి దాటిపోయావు. గోడలెక్కే ఆ అమ్మాయి టీసీ, పదో తరగతి మెమో కాలేజీవాళ్ల దగ్గరే ఉండిపోయాయని, ఫీజు బకాయి కట్టేదాకా ఇవ్వరని, ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) కౌన్సెలింగ్ దగ్గర పడుతోందని రాశావు. ఆ తర్వాత వాళ్లందరినీ రైలెక్కించి ముంబయి పంపించేశావు. నన్నడిగితే ఆ రైలు రద్దు చేయి. ఆ పిల్ల పేరూ మార్కులూ ఉన్న కాగితాలు ఒక బీరువాలో ఉన్నాయి, వాటి అవసరం ఆమెకు తప్ప లోకంలో ఇంకెవరికీ లేదు, గడువు తేదీ గోడ మీదే ఉంది. ఇంతకన్నా గట్టి ఖజానా నీకు ముంబయిలో దొరకదు. స్టడీ అవర్ ఎన్నింటికి ముగుస్తుందో, ఏ మెట్ల మీద లైటు పనిచేయదో, ఏ లెక్చరర్ ఎప్పుడు కునుకు తీస్తాడో ఈ పిల్లలకు తెలిసినంతగా ఏ గజదొంగకూ తెలియదు. వయసు ముప్పైకి మార్చితే ఈ కథ ఇక నిలబడదు.

ఆ బీరువా ఏ గదిలో ఉంది, తాళంచెవి రాత్రిపూట ఎవరి దగ్గర ఉంటుంది, ఆమె కాగితాలతోపాటు ఇంకెంతమందివి అందులో ఉన్నాయి, అవి కనబడ్డాక తనవి మాత్రమే తీసుకుని వచ్చేస్తుందా అన్నవి తేల్చుకుని మొదటి అధ్యాయంనుంచి మళ్లీ రాసి పంపు. భాష గురించి ఇప్పుడేమీ చెప్పను, పిల్లల మాటలు చక్కగానే పట్టుకున్నావు. వాచ్‌మన్‌కు ఒక పేరు పెట్టు. ఇప్పటి ప్రతిలో అతనికి కుర్చీ ఒక్కటే ఇచ్చావు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు