దాచిన మక్క కంకులు విత్తనానికి పనికొస్తాయా? హెన్రీ వాలెస్ ఏం చెప్పారు?

ప్రశ్న: యాసంగిలో మూడెకరాల్లో హైబ్రిడ్ మక్క వేశాను. దిగుబడి బాగానే వచ్చింది. విత్తనాల ధర తలచుకుంటే టెన్షన్‌గా ఉంది. అందుకని పొడవుగా, చివరిదాకా గింజ నిండిన కంకులు ఏరి పక్కన పెట్టాను. వానాకాలంలో వాటినే వేసుకోవచ్చా? ఇంకో మాట. వ్యవసాయ డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి ఈ హైబ్రిడ్ మక్క కంపెనీ పెట్టింది ఒక వ్యవసాయ పత్రిక ఎడిటర్ అని, తర్వాత ఆయన అమెరికా ఉపాధ్యక్షుడు కూడా అయ్యాడని అంటున్నాడు. ఇది నిజమేనా?
– ఒక రైతు, కరీంనగర్ జిల్లా

జవాబు: ఆ కంకులను విత్తనంగా వేయకండి. మీ అబ్బాయి చెప్పింది మాత్రం నిజమే. ఆయన పేరు హెన్రీ ఎ. వాలెస్. కంకి రూపం చూసి విత్తనం ఏరితే దిగుబడి వస్తుందా అన్న సందేహం ఆయనకు హైస్కూల్లో ఉండగానే వచ్చింది. అందుకే మీ రెండు ప్రశ్నలకూ కలిపే జవాబు రాస్తున్నాను.

వాలెస్ 1888లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పుట్టారు. అక్కడ మక్కే ప్రధాన పంట. తాత 1895 నుంచి ‘వాలెసెస్ ఫార్మర్’ అనే రైతు పత్రిక నడిపారు. ఆ రోజుల్లో ఊరూరా మక్క కంకుల పోటీలు పెట్టేవాళ్లు. వరుసలు తిన్నగా ఉండాలి, కంకి అడుగు నుంచి కొన వరకు ఒకే లావు ఉండాలి, గింజలన్నీ ఒకే తీరుగా ఉండాలి. అలాంటి కంకికి బహుమతి ఇచ్చి, అదే మేలైన విత్తనమని ప్రొఫెసర్లు చెప్పేవారు. కుర్రవాడైన వాలెస్ ఆ మాట వినేసి ఊరుకోలేదు. పోటీకి వచ్చిన కంకులు తీసుకుని, ఒక్కో కంకి గింజలను ఒక్కో వరుసలో విడిగా వేశారు. పంట కోశాక వరుసవారీగా తూకం వేశారు. మొదటి బహుమతి పొందిన కంకి దిగుబడిలో అట్టడుగు వరుసల్లో నిలిచింది. చూడటానికి బాగాలేని కంకులు కొన్ని దానికంటే ఎక్కువ ఇచ్చాయి.

మీరు ఏరిన పొడవాటి కంకి విషయంలోనూ ఇదే జరుగుతుంది. దానికి మంచి నేల, కొంచెం ఎక్కువ ఎరువు, పక్క మొక్క లేని ఖాళీ దొరికి ఉండొచ్చు. అవేవీ గింజలోకి రావు.

మీ మక్క హైబ్రిడ్ కాబట్టి ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇప్పుడు మార్కెట్లో దొరికేవన్నీ దాదాపు సింగిల్ క్రాస్ హైబ్రిడ్లే, అంటే రెండే వంగడాలను కలిపి తీసినవి. ఒక్కో మొక్కకు దాని పుప్పొడితోనే గింజ కట్టిస్తూ ఏడెనిమిది తరాలు పోతే మొక్కలు పొట్టిగా, బలహీనంగా, కానీ అన్నీ ఒకే తీరుగా తయారవుతాయి. అలాంటి రెండు వేరు వేరు వంగడాలను కలిపితే వచ్చే మొదటి తరంలో అనూహ్యమైన ఊపు ఉంటుంది. మీరు విత్తనానికి పెట్టే డబ్బు ఆ మొదటి తరం ఊపుకే. రెండో తరంలో అందులో సగం పోతుంది. ఉదాహరణకు తల్లి, తండ్రి వంగడాల దిగుబడి ఎకరాకు 12 క్వింటాళ్లు, హైబ్రిడ్ దిగుబడి 36 అనుకోండి. పెరిగిన 24లో సగం పోయి, దాచిన విత్తనంతో వచ్చేది 24 క్వింటాళ్ల దగ్గర ఆగుతుంది. దానికితోడు ఒక మొక్క నడుము ఎత్తు, పక్కది తల ఎత్తు పెరుగుతుంది. కొన్నింటికి మగ పూత రాలిపోయాక పీచు వస్తుంది, గింజ సరిగా కట్టదు. దున్నకం, యూరియా, నీళ్లు, కూలీ ఖర్చులు మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గవు.

వాలెస్ కాలంలో రైతులకు ఎక్కువగా దొరికింది నాలుగు వంగడాలను కలిపిన డబుల్ క్రాస్ విత్తనం. దాన్ని దాచుకుని వేస్తే పోయేది పావు వంతు ఊపే. మన పెద్దవాళ్లలో కొందరు ‘అప్పట్లో హైబ్రిడ్ గింజ మళ్లీ వేసినా ఓ మాదిరిగా పండేది’ అంటారు. ఆ మాటకు ఆధారం ఇదే. సింగిల్ క్రాస్‌కు అది వర్తించదు.

ఇక మీ అబ్బాయి చెప్పిన కథ. 1921లో తండ్రి అమెరికా వ్యవసాయ మంత్రి కావడంతో పత్రిక పని వాలెస్ చేతికి వచ్చింది. అంతకుముందు నుంచే ఆయన మక్క ధరకూ పందుల ధరకూ ఉన్న లెక్క పట్టికలు వేసి అచ్చు వేసేవారు. అక్కడ మక్క ఎక్కువగా పందుల మేతకే పోతుంది. మక్క అమ్ముకుంటే లాభమా, పందికి పెట్టి పంది అమ్ముకుంటే లాభమా అన్నది రైతు ముందే తెలుసుకోవాలని ఆయన తపన. రైతు పత్రిక అంటే నాకు ఇదే గుర్తొస్తుంది. పొగడ్తలూ సన్మానాల ఫొటోలూ అందులో ఎవరైనా వేస్తారు. ధర ఎందుకు పడిపోయిందో రైతుకు అర్థమయ్యేలా అంకెలతో చెప్పేవాళ్లే తక్కువ.

కంకుల పోటీలు ఆపి దిగుబడి పోటీలు పెట్టాలని పత్రికలో పట్టుబట్టారు. 1920లో అయోవాలో అవి మొదలయ్యాయి. 1924లో ఆయన సొంతంగా రూపొందించిన ‘కాపర్ క్రాస్’ హైబ్రిడ్ అందులో బంగారు పతకం గెలిచింది. 1926లో కొందరితో కలిసి హై-బ్రెడ్ కార్న్ కంపెనీ పెట్టారు. తర్వాత దానికి పయనీర్ అన్న పేరు చేరింది. ఆ బస్తాలు మీ ఊరి విత్తనాల షాపులో కూడా చూసే ఉంటారు. పత్రిక ఎడిటర్ విత్తనం కూడా అమ్మడం సరైందేనా అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ కంపెనీ విత్తనం అమ్మిన రోస్వెల్ గార్స్ట్ పద్ధతి చూడండి. రైతుకు విత్తనం ఉచితంగా ఇచ్చి, సొంత విత్తనం పక్కనే వేయమని, పెరిగిన దిగుబడిలో సగం మాత్రమే ధరగా ఇవ్వమని చెప్పేవాడు. పెరగకపోతే డబ్బు అడిగేది లేదు. 1934, 1936 కరువుల్లో పాత రకాలు పడిపోయినా హైబ్రిడ్ మక్క నిలబడటం రైతులు కళ్లారా చూశారు. కొద్ది ఏళ్లలోనే అయోవా అంతా హైబ్రిడ్‌కు మారిపోయింది. అప్పట్లో ఎకరాకు 10 క్వింటాళ్ల దగ్గర ఉన్న అక్కడి సగటు ఇప్పుడు 50 దాటుతోంది. అందులో ఎరువులకూ యంత్రాలకూ పెద్ద వాటా ఉంది, అంతా విత్తనం గొప్పే అనలేం.

1933లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వాలెస్‌ను వ్యవసాయ మంత్రిని చేశారు. ధరలు కుప్పకూలి రైతులు భూములు పోగొట్టుకుంటున్న రోజులవి. మిగులు తగ్గించడానికి ఎదిగిన పత్తిని దున్నించారు, అరవై లక్షల పందులను చంపించారు. జనం ఆకలితో ఉన్నప్పుడు ఆ పని చేయడం నాకూ మింగుడుపడదు. పత్తి కౌలుదార్లకు దక్కాల్సిన సాయం భూస్వాముల దగ్గరే ఆగిపోయిందన్న విమర్శ కూడా నిజమే. మంచి ఏళ్లలో ధాన్యం నిల్వ చేసి కరువులో బయటికి తీసే పద్ధతి, 1938లో పంటల బీమా, 1939లో పేదలకు ఆహార కూపన్లు కూడా ఆయన హయాంలోనే వచ్చాయి. 1941 నుంచి 1945 వరకు ఉపాధ్యక్షుడు. 1948లో కొత్త పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీ చేసి ఘోరంగా ఓడిపోయారు. ఆ తర్వాత న్యూయార్క్ దగ్గర తన పొలంలో కోళ్లు, స్ట్రాబెర్రీల మీద పరిశోధన చేసుకుంటూ గడిపి 1965లో కన్నుమూశారు. బెల్ట్స్‌విల్‌లోని అమెరికా ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన కేంద్రానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. పదవుల జాబితా కంటే, రాసే ముందు పొలంలో తూచి చూసిన ఆ అలవాటుకే నేను దండం పెడతాను.

మనకూ ఆయనతో ఒక సంబంధం ఉంది. 1940 చివర్లో మెక్సికో వెళ్లి అక్కడి మక్క రైతుల అవస్థ చూసి, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ అనే అమెరికా దాతృత్వ సంస్థతో మాట్లాడారు. అలా 1943లో మొదలైన కార్యక్రమంలోనే హరిత విప్లవానికి బాట వేసిన గోధుమ శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ చేరారు. అదే ఫౌండేషన్ తోడ్పాటుతో 1957లో మన దేశంలో సమన్వయ మొక్కజొన్న పథకం మొదలైంది. 1961లో విడుదలైన తొలి హైబ్రిడ్లలో ఒకటి ‘డెక్కన్’.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెబుతాను. ఎకరాకు 8 కిలోల కొత్త విత్తనం లైసెన్స్ ఉన్న షాపులోనే కొనండి. బిల్లు, ఖాళీ ప్యాకెట్, అడుగున కొంచెం విత్తనం పంట ఇల్లు చేరేదాకా దాచండి. ధర భారమైతే విశ్వవిద్యాలయం హైబ్రిడ్ డీహెచ్‌ఎం-117 దొరుకుతుందేమో కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. ప్రతి ఏడూ విత్తనం కొనలేమనుకుంటే కాంపోజిట్ రకాలు, అంటే చాలా మేలు వంగడాలను కలగలిపి తయారుచేసినవి, వేసుకోవచ్చు. దిగుబడి హైబ్రిడ్ కంటే తక్కువే అయినా మూడేళ్ల వరకు మీ పంట నుంచే విత్తనం తీసి వేసుకోవచ్చు. పక్క చేను మక్క పుప్పొడి పడకుండా కనీసం 200 మీటర్ల దూరం ఉండాలి. చేను మధ్యలోని వందలాది మొక్కల నుంచి కంకులు తీసుకోవాలి, పదీ ఇరవై పెద్ద కంకులతో సరిపెట్టొద్దు.

నా మాట మీద ఇంకా అనుమానం ఉంటే, కొత్త విత్తనం పక్కనే దాచిన గింజలు నాలుగు వరుసలు వేయండి. రెండింటికీ ఒకే ఎరువు, ఒకే తడి ఇచ్చి, కోత రోజు విడివిడిగా కాటా వేయండి. మిగిలిన కంకులు వొలిచి, తేమ 14 శాతానికి దిగేదాకా ఎండబెట్టి అమ్మేయండి, లేదా దాణాకు వాడుకోండి. బూజు పట్టిన గింజ కనిపిస్తే అందులో విషం ఉండొచ్చు. దాన్ని కోళ్లకూ గేదెలకూ పెట్టొద్దు.