నీ కథలో ఆ ఆత్మకి ఏం కావాలి?

తమ్ముడూ,

నీ కథ చదివాను. నత్సుమే యూజిన్‌చో అనే జపాన్ యానిమేషన్ సిరీస్ (అనిమే) చూసిన ఊపులో రాశావని మొదటి పేజీలోనే తెలిసిపోయింది. అందులో తప్పేమీ లేదు, నచ్చినదాన్ని చూసి మనమూ రాయాలనుకోవడం దగ్గరే చాలామంది రాత మొదలవుతుంది. నాకూ ఆ సిరీస్ అంటే ప్రాణం, అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను. నువ్వు దాంట్లోంచి పైపైన కనిపించేవన్నీ తెచ్చుకున్నావు, అసలైనది మాత్రం అక్కడే వదిలేసి వచ్చావు.

వాన, కీచురాళ్ల చప్పుడు, అమ్మానాన్న లేని కుర్రాడు, పాడుబడ్డ బావి, బావిలో ఏడుస్తున్న ఆత్మ, కుర్రాడు దాన్ని ఓదార్చడం, అది నవ్వి మాయమైపోవడం. చదువుతున్నంతసేపూ హాయిగానే ఉంది. చదవడం అయిపోయాక మాత్రం ఏమీ మిగల్లేదు. ఎందుకా అని మళ్లీ మొదటికి వెళ్లి చూస్తే, నీ కథలో ఎవరికీ ఏమీ పోలేదు. ఆ ఆత్మ ఎందుకు ఏడుస్తోందో నువ్వు చెప్పలేదు, అసలు నువ్వే ఆలోచించలేదేమోనని నా అనుమానం. దాన్ని చూడగలగడం వల్ల కుర్రాడికి ఒక్క ఇబ్బందీ రాలేదు. మెత్తటి కథ అంటే ఎవరికీ దెబ్బ తగలని కథ అనుకున్నట్టున్నావు. నత్సుమేలో దాదాపు ప్రతి ఎపిసోడ్‌లోనూ ఎవరో ఒకరు ఏదో ఒకటి పోగొట్టుకుంటారు. అలా పోగొట్టుకున్నవాళ్లతో కథ ఎంత మర్యాదగా నడుచుకుంటుంది అన్నదాంట్లో ఉంది దాని మెత్తదనమంతా.

ఆ సిరీస్‌లో ఉన్న పేర్ల పుస్తకం సంగతే తీసుకో. రేయికో అనే అమ్మాయికి యోకాయ్‌లు, అంటే జపాన్ కథల్లోని ఆత్మలూ వింత జీవాలూ, కనిపిస్తాయి, మనుషులు ఆమెను దగ్గరికి రానివ్వరు, దాంతో అడవుల్లో తిరుగుతూ కనిపించిన యోకాయ్‌తోనల్లా పందెం కాసి, గెలిచి, దాని పేరు కాగితం మీద రాయించుకుంటుంది. పేరు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు చెప్పినట్టు ఆ యోకాయ్ వినాలి. ఆమె చిన్న వయసులోనే చనిపోతుంది, ఆ కాగితాల కట్ట మనవడు తకాషి చేతికొస్తుంది, అతను ఆ పేర్లు తిరిగిచ్చేద్దామనుకుంటాడు. ఇచ్చే పద్ధతి నువ్వు చాలాసార్లు చూసే ఉంటావు, కానీ ఒక్కసారి రాసేవాడి కళ్లతో చూడు. పుస్తకం దానంతటదే రెపరెపలాడుతూ పేజీలు తిప్పుకుంటుంది, ఒక కాగితం నిటారుగా నిలబడుతుంది, అతను దాన్ని చింపి పెదాల మధ్య పట్టుకుని, రెండు చేతులూ చప్పుడయ్యేలా కలిపి, ఊపిరి వదులుతాడు. సిరా గీతలు కాగితం మీద నుంచి లేచి ఎదుటి యోకాయ్ నుదుటి వైపు వెళ్తాయి. ఆ కాసేపట్లోనే రేయికో జ్ఞాపకం ఒకటి అతనికి కనిపిస్తుంది.

ఇందులో ఉన్న లెక్క గమనించావా? తకాషి తన అమ్మమ్మను ఎప్పుడూ చూడలేదు. ఆమె ఎలా నవ్వేదో, ఎంత ఒంటరిగా తిరిగేదో అతనికి తెలిసేది ఎక్కువగా ఈ పేర్లు తిరిగిచ్చేటప్పుడే, ఇచ్చిన ప్రతిసారీ ఆమె వదిలివెళ్లిన పుస్తకంలో ఒక కాగితం తగ్గిపోతుంది. అంటే అమ్మమ్మ గురించి కొంచెం తెలుసుకోవాలంటే అమ్మమ్మ గుర్తుని కొంచెం వదులుకోవాలి. పైగా పేరు అందుకున్న యోకాయ్‌కి ఇక ఇతని దగ్గరికి రావాల్సిన పనే లేదు. పరిచయం అయిన నిమిషమే వీడ్కోలు కూడా. యూకీ మిదొరికవా ఈ కథను మాంగాగా, అంటే బొమ్మల కథగా, 2003లో మొదలుపెట్టారు, 2008లో తకహిరో ఒమొరి దర్శకత్వంలో అనిమే వచ్చింది, 2024లో ఏడో సీజన్ వచ్చింది. ఇన్నేళ్లు పెద్ద విలన్ ఎవరూ లేకుండా, లోకం మునిగిపోయే ప్రమాదమేదీ లేకుండా కథ నడిచిందంటే ఈ ఒక్క ఏర్పాటు ఎంత గట్టిదో చూడు. నీ బావి కథకి ఇలాంటి ఏర్పాటు ఒకటి కావాలి. ఇంత పెద్దది అక్కర్లేదు, చిన్నదైనా చాలు, కానీ ఉండి తీరాలి.

ఇక మొదటి సీజన్ రెండో ఎపిసోడ్, మంచు దేవుడి గుడి. మంచు అంటే పొద్దున గడ్డి మీద ఉండే మంచు. ఈ వారం ఇంకేం చూసినా చూడకపోయినా ఇది మాత్రం మళ్లీ చూడు, ఈసారి ఏడవడానికి కాదు, నేర్చుకోవడానికి. ఆయన అసలు దేవుడే కాదు, ఖాళీగా ఉన్న చిన్న గుడిలో చోటు చూసుకున్న మామూలు యోకాయ్. ఊళ్లో జనం వాన కోసం మొక్కుకున్నారు, అనుకోకుండా వాన పడింది, ఆయన మహిమే అనుకుని నైవేద్యాలు పెట్టారు. జనం నమ్మేకొద్దీ ఆయన పెరిగాడు, జనం రావడం తగ్గేకొద్దీ కుంచించుకుపోయాడు. మనం చూసేసరికి అరచేతిలో పట్టేంత ఉంటాడు. ఇంకా గుడికి వచ్చేది హనా అనే ముసలావిడ ఒక్కతే, ఆమె పోతే ఆయనా పోతాడు, ఆ సంగతి ఆయనకి తెలుసు. తకాషి ఉండబట్టలేక ఇకమీదట నేను నిన్ను కొలుస్తానంటాడు, ఆయన ఒప్పుకోడు, నువ్వు నా స్నేహితుడివి కదా అంటాడు. బతికే దారి ఒకటి ఎదురుగా కనిపిస్తున్నా వద్దంటాడు, వద్దన్నందుకు బాధ కూడా పడడు, ఎందుకంటే ఆమెతో పాటే వెళ్లాలని ఎప్పుడో అనుకున్నాడు.

ఇరవై నిమిషాల్లో ఇదంతా చెప్పగలిగారంటే, రాయకముందే వాళ్లకి ఆ దేవుడి గురించి అంతా తెలుసు కాబట్టే. ఎక్కడుంటాడు, ఎప్పటినుంచి ఉన్నాడు, ఎవరి కోసం ఎదురుచూస్తున్నాడు, ఆ మనిషి రాకపోతే ఏమవుతాడు. నీ బావిలో ఉన్నదాని గురించి వీటిలో ఒక్కదానికైనా జవాబు చెప్పగలవా? ముందు అవి తేల్చుకో. అవన్నీ కథలో పెట్టమని కాదు, సగం పైగా పెట్టకపోవడమే మంచిది, కానీ రాసేవాడికి తెలియనిది చదివేవాడి మనసుకి ఎలాగూ అందదు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. నీ కుర్రాడు అన్నం తింటూ అత్తతో "బావిలో ఎవరో ఉన్నారు" అంటాడు, అత్త "అలాగా నాన్నా" అంటుంది. నీ కథ అక్కడే చచ్చిపోయింది తమ్ముడూ. అంత తేలిగ్గా నమ్మేవాళ్లు ఉంటే వాడికి ఆ ఆత్మతో పనేముంది? తకాషికి చిన్నప్పటినుంచి ఒకే కష్టం, ఎవరికీ కనిపించనివి అతనికి కనిపిస్తాయి, కనిపించాయని చెప్తే అబద్ధాలకోరు అంటారు, ఒక బంధువుల ఇంటి నుంచి ఇంకో బంధువుల ఇంటికి తోసేస్తూ ఉంటారు. చివరికి ఫుజివారా దంపతులు, టోకో, షిగెరు, ప్రేమగా తెచ్చుకుని ఇంట్లో పెట్టుకుంటారు. అక్కడ అతని కష్టం తీరదు, రూపం మారుతుంది. ఇంతకుముందు నమ్మరని చెప్పేవాడు కాదు, ఇప్పుడు వాళ్లు కంగారుపడతారేమోనని చెప్పడు. ఒళ్లంతా మట్టితో ఇంటికొచ్చి పడిపోయానని అంటాడు, టోకో నమ్మినట్టే తల ఊపి స్నానానికి పంపిస్తుంది. ప్రేమ దొరికాక దాచాల్సింది పెరిగింది. నీ కుర్రాడి అత్తని అలా రాయి. మంచి మనిషిగానే ఉంచు, మారుతల్లి కష్టాలేమీ పెట్టకు, కానీ ఆమెకి చెప్పలేని ఒక్క విషయం వాడి కడుపులో ఉంచు.

స్నేహితుడి పాత్ర తీసేయమని రాద్దామనుకుని ఆగిపోయాను, తకాషి స్నేహితుడు తనుమా గుర్తొచ్చి. తనుమా కుటుంబం ఉండే గుడి ఇంటి పెరట్లో ఒక కొలను ఉంటుంది, అది తకాషికి మాత్రమే కనిపిస్తుంది. తనుమాకి కొలను కనిపించదు. గది పైకప్పు మీద నీటి అలల వెలుగు కదలడం, చేపల నీడలు ఈదడం మాత్రం కనిపిస్తాయి. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని ఉంటారు, ఒకడు బయటికి చూస్తే నీళ్లు, ఇంకొకడు పైకి చూస్తే నీడలు. "నేనున్నాను నీకు" లాంటి డైలాగ్ ఒక్కటి కూడా అక్కర్లేదు, ఒంటరితనం సగం తగ్గింది, సగమే తగ్గింది, రెండూ ఆ పైకప్పే చెప్పేసింది. నీ కథలో స్నేహితుడు అన్నీ అర్థం చేసుకుని భుజం తడుతున్నాడు. వాడికి సగమే తెలిసేలా చెయ్యి.

న్యాంకో సెన్సే లాంటి పిల్లి కావాలని నీకూ ఉంది, నీ కథలో ఆ మాట్లాడే మేక అందుకే వచ్చింది. మేక బాగుంది, ఉంచు. కానీ న్యాంకో ముద్దుగా ఉండటం కోసమే లేడు. తిండి, మందు, నిద్ర తప్ప ఏదీ పట్టనట్టు ఉండే ఆ బొద్దు పిల్లి నిజానికి మదరా అనే పెద్ద యోకాయ్, ఈ కుర్రాడు చచ్చిపోతే పుస్తకం తనకే అన్న ఒప్పందం మీద పక్కనుంటున్నాడు. ఆ ఒప్పందం ఎప్పుడూ రద్దు కాదు, అందుకే అతను చూపించే అభిమానానికి విలువ. నీ మేకకి కూడా సొంత అవసరం ఒకటి ఉండాలి.

నతోరి, మతోబా లాంటి వాళ్ల జోలికి ఇప్పుడే వెళ్లకు. యోకాయ్‌లను పట్టి బంధించేవాళ్లు నవల రాసేటప్పుడు పనికొస్తారు, పన్నెండు పేజీల కథలో ఇరుకైపోతుంది.

చివరిగా ఊరి సంగతి. నీ బావి పక్కన జపాన్ గుళ్ల ముందు ఉండే ఎర్రరంగు చెక్క తోరణం ఎందుకుంది? ఆత్మకూరు వైపు పల్లెలో అది ఎవరు కట్టారు? మిదొరికవాది కుమమొతో, అనిమేలో కనిపించే పొలాలూ వంతెనలూ చాలావరకు అక్కడి హితొయొషి చుట్టుపక్కలవే. 2020 జులైలో కుమా నది పొంగి హితొయొషి ఊరు మునిగితే ఆ సిరీస్ అభిమానులు సొంతూరు మునిగినట్టు బాధపడ్డారు. ఊరి మీద అంత ప్రేమ పుట్టిందంటే, ఉన్నది ఉన్నట్టు గీయబట్టే. నీకు వేప చెట్టు ఉంది, సుంకులమ్మ గుడి ఉంది, నల్లరేగడి ఉంది. మొదటి సీజన్‌లో కరువొచ్చి డ్యామ్ నీళ్లు తగ్గితే మునిగిపోయిన ఊరు బయటపడే ఎపిసోడ్ గుర్తుందా, ఒక చిన్న పక్షి యోకాయ్ తన మీద ఎప్పుడో దయ చూపించిన మనిషిని ఒక్కసారి కలవాలని తపించిపోతుంది. అది చూస్తున్నంతసేపూ నాకు మీ సంగమేశ్వరమే కళ్లముందు మెదిలింది. శ్రీశైలం డ్యామ్ కట్టాక నీళ్లలో మునిగి, ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు బయటికొచ్చి, వరదకి మళ్లీ మునిగే గుడి. ఆ నీళ్ల కింద పాత కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ ఊళ్లు ఖాళీ చేసి వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు ఇప్పటికీ మీ చుట్టుపక్కలే ఉన్నారు. మీ అవ్వని కూర్చోబెట్టి అడుగు, ఊరు ఖాళీ చేసేటప్పుడు ఏవి మోసుకొచ్చారు, ఏవి మోయలేక వదిలేశారు, ఊరి దేవతని ఏం చేశారు అని. ఆవిడ చెప్పేది మధ్యలో ఆపకుండా విను, ఫోన్‌లో రికార్డు చేసుకో, వెంటనే కథలో పెట్టేయకు.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. వాన వర్ణన ఒక పేరాకి కుదించు. తోరణం పీకెయ్యి. అత్త నోట్లోంచి "అలాగా నాన్నా" తీసెయ్యి. ఆత్మ నవ్వి మాయమయ్యే ఆఖరి పేజీ మొత్తం కొట్టేసి, దానికి కావాల్సింది దొరికితే కుర్రాడికి ఏం పోతుందో తేలేదాకా ముగింపు జోలికి వెళ్లకు. కొత్త ప్రతి పంపేటప్పుడు విడిగా ఒక కాగితం మీద ఆ బావిలో ఉన్నది ఎవరు, పేరేంటి, ఎవరి కోసం అక్కడ ఉండిపోయింది అన్నది నాకు రాసి పంపు. ముందు అది చదివి, తర్వాత కథ చదువుతాను.

ఉంటాను,
అక్క