కామిక్స్‌లో కథ రచయితదేనా? ఆర్టిస్టు పని బొమ్మలు వేయడం వరకేనా?

కాదు, కామిక్స్‌లో ఆర్టిస్టు కూడా కథ చెప్పేవారే. ఏ క్షణాన్ని చూపించాలి, దేన్ని వదిలేయాలి, పేజీలో ఏ బొమ్మ పెద్దగా ఉండాలి అన్నదాన్ని బట్టే కథ నడుస్తుంది. కొందరు రచయితలు ఒక్కో బొమ్మలో ఏం కనిపించాలో స్క్రిప్టులోనే వివరంగా రాసిస్తారు. 1960లలో అమెరికా కామిక్స్ సంస్థ మార్వెల్ పద్ధతి వేరు. రచయిత స్టాన్ లీ కథాంశం క్లుప్తంగా ఇచ్చేవారు, ఆర్టిస్టు పేజీలన్నీ గీసేవారు, సంభాషణలు ఆ తర్వాతే.

1966లో వచ్చిన మార్వెల్ కామిక్ ‘ఫెంటాస్టిక్ ఫోర్’ 48వ సంచికనే తీసుకోండి. ముందు అనుకున్న కథలో సిల్వర్ సర్ఫర్ అనే పాత్ర లేనే లేదు. గ్రహాలను మింగే గెలాక్టస్ అంతటివాడికి ముందు నడిచే దూత ఒకడుండాలని ఆర్టిస్టు జాక్ కిర్బీ తనంతట తానే ఆ పాత్రను గీశారు. పేజీలు చూశాకే లీ అతనికి మాటలు రాశారు. అయినా పేరు మాత్రం చాలాకాలం లీకే ఎక్కువ వచ్చింది, అది అన్యాయమే.

చాలామంది కామిక్స్ బొమ్మలను పత్రికల్లో కథకు వేసే బొమ్మల్లాంటివే అనుకుంటారు. ఆ బొమ్మ తీసేసినా కథ అర్థమవుతుంది. కామిక్స్‌లో బొమ్మలు తీసేస్తే మిగిలేది ఎవరు, ఎక్కడ, ఎందుకు అన్నారో తెలియని మాటలే.