నైట్ డైవ్‌కి ఏ లైటు కొనాలి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది విశాఖపట్నం. అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో స్కూబా డైవింగ్ మొదటి కోర్సు ఓపెన్ వాటర్ పూర్తి చేశాను, జనవరిలో మళ్లీ వెళ్లి తర్వాతి కోర్సు అడ్వాన్స్‌డ్ చేయాలని ప్లాన్. అందులో నైట్ డైవ్ కూడా పెట్టించుకుంటున్నా. లైటు కొందామని ఆన్‌లైన్‌లో చూస్తే వెయ్యి ల్యూమెన్లు, మూడు వేలు, పది వేలు అని రకరకాలుగా ఉన్నాయి. ల్యూమెన్లు ఎక్కువుంటే ఎక్కువ కనిపిస్తుందా సార్? రుషికొండ దగ్గర కూడా వాడుకోవాలని ఉంది.

జవాబు: ల్యూమెన్ల సంగతి తర్వాత చూద్దాం, ముందు బీమ్ ఎంత వెడల్పో చూడండి. ల్యూమెన్ అంటే లైటులోంచి వచ్చే మొత్తం వెలుతురు, అంతే. అదే వెయ్యి ల్యూమెన్లు 10 డిగ్రీల బీమ్‌లో వస్తే దూరంగా ఉన్న రాయి సందులో దాక్కున్న లాబ్‌స్టర్ కూడా కనిపిస్తుంది, 120 డిగ్రీలకు పరుచుకుంటే రెండు మూడు మీటర్లు దాటేసరికి పలచబడిపోతుంది. పైగా మీరు రుషికొండ అంటున్నారు. అక్కడి నీళ్లు హేవ్‌లాక్ నీళ్లలా ఉండవు, ఇసుకా ఒండ్రూ కలిసి చాలాసార్లు మసకగా ఉంటాయి. అలాంటి నీళ్లలో వెడల్పు లైటు వేస్తే మీ కళ్ల ముందున్న ప్రతి రేణువూ మెరిసి ఎదురంతా తెల్లగా అయిపోతుంది, లంబసింగి పొగమంచులో హైబీమ్ వేసుకుని బండి నడిపినట్టే. కాబట్టి 8 నుంచి 12 డిగ్రీల సన్నటి బీమ్ ఉన్నది తీసుకోండి, వెయ్యి ల్యూమెన్లు ఉంటే చాలు. చీకట్లో కళ్లు అలవాటు పడ్డాక అందులో సగానికి తగ్గించి వాడతారు చాలామంది.

సన్నటి బీమ్ కావాలనడానికి ఇంకో కారణం ఉంది, నా దృష్టిలో ఇదే ముఖ్యం. రాత్రి నీళ్లలో మాట్లాడుకునేది లైటుతోనే. ఇసుక మీద నెమ్మదిగా గుండ్రంగా తిప్పితే ‘ఓకే’, గబగబా అటూ ఇటూ ఊపితే ‘సాయం కావాలి, ఇటు చూడు’ అని. వెడల్పు లైటుతో ఈ సైగలు చేస్తే బడ్డీకి, అంటే మీతో జతగా దిగినవాళ్లకి, ఏమీ అర్థం కాదు, వెలుతురు కదిలినట్టే ఉండదు. చేతి సైగ చూపించాలంటే మీ చేతి మీదే లైటు వేసుకోండి, ఎదుటివాళ్ల మొహం మీద మాత్రం ఎప్పుడూ వేయొద్దు.

ఇక రెండో లైటు. ఇది లేకుండా రాత్రి నీళ్లలోకి దిగొద్దు. చిన్నదైనా సరే, 300 ల్యూమెన్లయినా సరే, బీసీడీ (నీళ్లలో తేలడానికి వేసుకునే గాలి జాకెట్) మీదుండే డీ-రింగ్‌కి క్లిప్ చేసి చేతికి అందేలా ఉండాలి. పెద్ద లైటు ఆరిపోతే దీన్ని వెలిగించి, బడ్డీకి చెప్పి, డైవ్ ముగించి పైకి రావడానికి అన్నమాట, మిగతా డైవ్ కొనసాగించడానికి కాదు. మీ బడ్జెట్‌లో ఒక్క ఖరీదైన లైటే వస్తుందంటే దాన్ని వదిలేసి మధ్యరకం ఒకటి, చిన్నది ఒకటి కొనండి. మీరెక్కడున్నారో మిగతావాళ్లకి తెలిసేలా సిలిండర్‌కి కట్టే మార్కర్ లైటు మాత్రం డైవ్ సెంటర్ వాళ్లనే అడగండి.

స్విచ్ కూడా చూడండి. తలభాగాన్ని తిప్పి వెలిగించే రకం చవకే కానీ, నీళ్లలో పొరపాటున ఎక్కువ వదులు చేస్తే లోపలికి నీళ్లు పోతాయి. అయస్కాంతపు రింగ్‌తో పనిచేసే స్విచ్‌కి బాడీలో రంధ్రం అక్కర్లేదు, అందుకే నాకు అదే ఇష్టం, ఇసుక పట్టేయకుండా కడుక్కుంటే చాలు. ‘ఐపీఎక్స్8’ అని వాటర్‌ప్రూఫ్ రేటింగ్ రాసి ఉందని కొనేయకండి, అది ఎంత లోతు వరకో కంపెనీయే నిర్ణయించుకుంటుంది. ‘100 మీటర్లు’ అని లోతు స్పష్టంగా రాసి ఉండాలి. అడ్వాన్స్‌డ్‌లో మీ హద్దు 30 మీటర్లే అయినా అంత మార్జిన్ మంచిదే.

నీళ్లు దూరి పాడయ్యే లైట్లలో చాలా వాటికి కారణం ఓ-రింగే, అంటే మూత దగ్గర నీళ్లు పోకుండా ఆపే రబ్బరు రింగు. ఒక్క వెంట్రుక, ఒక్క ఇసుక రేణువు అడ్డుపడినా చాలు. డైవ్ అయ్యాక మంచినీళ్లలో నానబెట్టి, బాగా ఆరాకే మూత తీయండి, ఓ-రింగ్‌కి సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. పడవ మీద ఊరికే వెలిగించి ఉంచొద్దు, ఈ లైట్లకు చుట్టూ ఉన్న నీళ్లే చల్లదనం.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి విమానంలో వెళ్తున్నాం. డైవ్ లైటు బ్యాటరీలు చెకిన్ బ్యాగులో పెట్టొచ్చా?

జవాబు: విడి లిథియం బ్యాటరీలు చెకిన్‌లో వద్దు, క్యాబిన్ బ్యాగులోనే. మామూలు పరిమితి ఒక్కోటి 100 వాట్-అవర్లు. డైవ్ లైట్లలో వాడే 21700 సైజు మంచి సెల్ 18 వాట్-అవర్ల దగ్గరే ఉంటుంది కాబట్టి టెన్షన్ అక్కర్లేదు. లైటులోంచి సెల్ తీసేసి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి, లేకపోతే బ్యాగులో లైటు దానంతటదే వెలిగిందంటే పక్కనున్న బట్టలు కాలేంత వేడెక్కుతుంది. సెల్ కొనేటప్పుడు ఇంకో మాట: 18650 సైజులో మంచి కంపెనీ సెల్ 3500 ఎంఏహెచ్ దగ్గర ఉంటుంది. దాని మీద 9900 అని ఉంటే అది పచ్చి అబద్ధం, ఆ దుకాణంలో లైటు కూడా కొనొద్దు.

ప్రశ్న: ఈమధ్యే డైవింగ్ నేర్చుకున్నాను. గోప్రోతో తీసిన వీడియోలన్నీ నీలంగా వస్తున్నాయి. లైటు కొంటే రంగులు వస్తాయా?

జవాబు: వస్తాయి, కానీ దగ్గరున్న వాటికే. నీళ్లు ముందు ఎరుపునే మింగేస్తాయి, అయిదారు మీటర్లు దిగేసరికి అది చాలావరకు పోతుంది, తర్వాత నారింజ, ఆపైన పసుపు. లైటు వేస్తే ఆ రంగులు తిరిగొస్తాయి. అయితే మీ లైటు నుంచి చేపదాకా, చేప నుంచి కెమెరాదాకా కాంతి నీళ్లలోనే ప్రయాణించాలి కదా, అందుకని మీటరు, మీటరున్నర లోపలున్నవే బాగా వస్తాయి. దీనికి మాత్రం 100–120 డిగ్రీల వీడియో లైటే కావాలి, మొదటి జవాబులో చెప్పిన సన్నటి బీమ్ ఇక్కడ పనికిరాదు. కెమెరా పక్కనే బిగించకుండా చేతుల్లాంటి స్టాండ్ మీద కాస్త దూరంగా పెడితే రేణువులు తక్కువ మెరుస్తాయి. లైటు వాడేటప్పుడు కెమెరాకి పెట్టే ఎర్ర ఫిల్టర్ తీసేయండి, లేకపోతే అంతా ఎర్రబడిపోతుంది. కొత్తగా నేర్చుకున్నానంటున్నారు కాబట్టి ముందు పగటి డైవ్‌లలో, పగడాలకు తగలకుండా తేలుతూ ఉండడం వచ్చాకే కెమెరా పట్టుకోండి.