తీరిగ్గా రాద్దాంలే అనుకోకు

చిరంజీవి అమ్మడికి, పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

పాత స్నేహితులకే కాదు, ముక్కూమొహం తెలియనివాళ్లకి కూడా చేత్తో ఉత్తరాలు రాయబోతున్నావని మీ నాన్న చెప్పాడు. సాయంత్రమంతా గర్వంగా తిరిగాను. రాత్రి పడుకున్నాక భయాలు మొదలయ్యాయి.

తేలికవి ముందు చెప్పేస్తాను. పిన్‌కోడ్ మరిచిపోకు. విదేశానికైతే దేశం పేరు చివరి వరుసలో, ఇంగ్లిషు పెద్దక్షరాల్లో. కవరు అడుగున ఒకటిన్నర సెంటీమీటర్లు ఖాళీ వదులు. చాలా దేశాల్లో యంత్రాలు అక్కడ గీతలు అచ్చేస్తాయి. 80 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకి 80 గ్రాముల) ఏ4 కాగితం 5 గ్రాములు తూగుతుంది. అన్నిటికన్నా తక్కువ స్టాంపు సాధారణంగా 20 గ్రాముల వరకు సరిపోతుంది కాబట్టి రెండు కాగితాలకు దిగుల్లేదు, మూడోది పెడితే కవరుతో సహా తూచి చూడు. స్టాంపు తక్కువైతే ఆ బాకీ అందుకున్నవాళ్ల నెత్తిన పడొచ్చు. నాణేలు, విత్తనాలు లోపల పెట్టకు.

కొత్తవాళ్ల కోసం 2005లో పోర్చుగల్‌లో మొదలైన పోస్ట్‌క్రాసింగ్ అనే వెబ్‌సైట్ ఉంది. నువ్వొకరికి కార్డు పంపితే, ఇంకెవరో నీకు పంపుతారు. మొదట్లో ఒకేసారి ఐదు కార్డులకు మించి ప్రయాణంలో ఉండనివ్వరు. కార్డు మీద దాని గుర్తింపు సంఖ్య రెండుచోట్ల రాయి, ఒకదాని మీద తపాలా ముద్ర పడినా రెండోది మిగులుతుంది. కార్డంటే అరుగు మీద మాట, దారిలో ఎవరైనా చదవొచ్చు. ఇల్లు ఎప్పుడు తాళం వేసి ఉంటుందో, ఒంటరిగా ఎప్పుడుంటావో దాని మీద రాశావంటే ఊరుకోను. కవర్లో కూడా వద్దు. ఎవరైనా కష్టం చెప్పి డబ్బు అడిగితే ఆ స్నేహం అక్కడితో సరి.

ఇక అసలు సంగతి. మా తరంలో చాలా కలం స్నేహాలు ‘తీరిగ్గా రాద్దాంలే’ అన్న మాట దగ్గరే ఆగిపోయాయి. ఎనిమిది పేజీల ఉత్తరం వస్తుంది. దానికి దీటైన జవాబు రాయాలనిపించి ఆదివారానికి వాయిదా వేస్తాం. నెల దాటితే జవాబుతోపాటు క్షమాపణ రాయాలి. మూడు నెలలైతే ఆ క్షమాపణకి ఒక కారణం వెతకాలి. రాయాల్సింది పెరిగేకొద్దీ చెయ్యి వెనక్కి పోతుంది. వాళ్లు ఉత్తరంలో బెంగగా చెప్పుకున్న పరీక్ష ఈలోగా అయిపోయి ఫలితం కూడా వచ్చేసుంటుంది. ఏడాదికి ఆ కవరు కంటపడితే మొహం తిప్పుకుంటాం. అవతల మనిషేమో తనేం తప్పు రాసిందా అని వెతుక్కుంటూ ఉంటుంది.

అందుకని, ఉత్తరం వచ్చినరోజే పెన్సిలు పట్టుకుని చదువు. అడిగిన ప్రశ్నల కింద గీత గియ్యి. పదిహేను రోజుల్లోపు ఆ గీతలకే జవాబివ్వు, అర పేజీ చాలు. అదీ కుదరకపోతే ‘అందింది, చదివాను, వివరంగా రాస్తాను’ అని కార్డు పడెయ్యి. అప్పటికే ఆలస్యమైందా? ముందు వాళ్ల ప్రశ్నకి జవాబు రాసి, క్షమాపణ చివర్లో ఒక్క వాక్యం పెట్టు. కారణాల చిట్టా విప్పకు, చదివేవాళ్లకి అదొక బరువు.

ఒక నోటుబుక్కు పెట్టుకో: పేరు, అందిన తేదీ, పంపిన తేదీ, నువ్వు అడిగినదేమిటి. కవరు అంటించేముందు ఉత్తరాన్ని ఫోటో తీసుకో, లేకపోతే చెప్పిందే మళ్లీ చెబుతావు. నలుగురితో మొదలుపెట్టు. నెలకొకటి చొప్పున వచ్చినా వారానికి ఒక్క జవాబు, అంతవరకు మోయగలవు. పదిమందిని పోగేసుకుంటే పై కథే. ‘ఎలా ఉన్నావు’ అని అడిగితే ‘బాగున్నా’ తప్ప ఏమీ రాదు. వాళ్లు మాత్రమే చెప్పగల సంగతి ఒకటి అడుగు. విదేశం నుంచి రెండు నెలలు ఉలుకూపలుకూ లేకపోయినా నిష్ఠూరమాడకు, దారిలో పోయిందేమో. మళ్లీ ఒక కార్డు రాసి చూడు.

నీ వాయిదాల సంగతి నాకు తెలీదూ! హోంవర్కంతా ఆఖరి రాత్రే. అయినా చిన్నప్పుడు నువ్వు రాసిన రెండు వరుసల ఉత్తరాలు ఇంటిల్లిపాదీ ఎన్నిసార్లు చదివించుకున్నామో. నీకు పొడుగు అక్కర్లేదమ్మా.

ఇట్లు,
పెదనాన్న

తా.క.: నున్నటి కార్డు మీద జెల్ పెన్ను వాడకు, చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. బాల్ పెన్నుతో రాసి, పది నిమిషాలు ఆరనిచ్చి అప్పుడు స్టాంపు అంటించు.