మూడో వరసలో ఎవరు కూర్చుంటారు?

రాజమండ్రి

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మాయి, పిల్లలు, మీ అమ్మానాన్నలు అంటే అక్క, బావ బాగున్నారని తలుస్తాను.

నువ్వు ఫోన్లో పంపిన పట్టిక కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. మూడు బండ్లు, ఒక్కోదాని పక్కన హార్స్‌పవర్, మైలేజీ, ధర, ఆఖరికి స్పీకర్లు ఎన్నో కూడా రాశావు. మూడో వరసలో ఎవరు కూర్చుంటారో మాత్రం రాయలేదు. "ఇల్లంతా పట్టాలి మావయ్యా, కాలు నొక్కితే దూకాలి కూడా" అన్నావు. రెండూ ఉన్న బండ్లు లేకపోలేదు. కానీ పట్టికలో వెతికితే కనపడవు.

నా సంగతి నీకు తెలుసు. అంబాసిడర్‌తో మొదలుపెట్టాను. 1994లో సుమో వస్తే అది, 2000లో క్వాలిస్ వస్తే అది, 2005లో ఇన్నోవా వస్తే అది కొని, పెళ్ళిళ్ళకీ తిరుపతికీ భద్రాచలానికీ అద్దెకు తిప్పినవాణ్ణి. ఇంజన్ల గురించి ఇంజనీర్లకు తెలిసినంత నాకు తెలియదు. వెనక సీట్లో వాళ్ళు దిగేటప్పుడు ఏ మొహంతో దిగుతారో మాత్రం బాగా తెలుసు.

ముందు మీ ఇంటి లెక్క వేద్దాం. స్టీరింగ్ దగ్గర నువ్వు. పక్కన బావ, ఆయన పొడుగు మనిషి కాబట్టి ఇంకెక్కడా కూర్చోడు. రెండో వరసలో అక్క, మోకాలి ఆపరేషన్ అయింది గనక కిటికీ పక్కనే ఉండాలి. ఇంకో కిటికీ పక్కన చిన్నవాడి చైల్డ్ సీటు. మధ్యలో పెద్దది. ఇక మిగిలింది ఎవరు? నీ ఇల్లాలు, మన అమ్మాయి. హైదరాబాద్ నుంచి ఇక్కడికి నాలుగు వందల కిలోమీటర్లు, ఏడు గంటలు, ఆ పిల్ల మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని రావాలి. సంక్రాంతికి అమ్మాయి వాళ్ళమ్మ కూడా వస్తే ఇద్దరు. ఈ బండి నువ్వు కొంటున్నావు కానీ, దీని మంచిచెడ్డలు అనుభవించేది ఆమె. ఆమెను అడిగావా?

మూడో వరసలో అందరూ కాళ్ళు పెట్టే జాగానే చూస్తారు. అసలు చూడాల్సింది సీటుకీ నేలకీ మధ్య ఎత్తు. కొన్ని బండ్లలో అడుగున నిచ్చెన లాంటి ఇనప చట్రం ఉంటుంది, దాని మీద బాడీ కూర్చోబెడతారు. స్కార్పియో-ఎన్, ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్ అలాంటివే. చట్రం, వెనక యాక్సిల్ కింద ఉంటాయి గనక నేల పైకి వస్తుంది. నేల పైకొచ్చి సీటు అక్కడే ఉంటే, కూర్చున్నవాళ్ళు పీట మీద కూర్చున్నట్టు ఉంటారు. తొడలకు ఆధారం ఉండదు. అరగంటకే నడుము పట్టేస్తుంది. చట్రం లేకుండా బాడీ అంతా ఒకే పెట్టెలా కట్టిన బండ్లలో, అంటే ఇన్నోవా హైక్రాస్, కారెన్స్, ఎక్స్‌యూవీ 700 (2026 జనవరి నుంచి దీని పేరు ఎక్స్‌యూవీ 7ఎక్స్ఓ) లాంటి వాటిలో, నేల కిందకి దించే వీలుంది. వీలుంది అన్నానే గానీ అందరూ దించారని అనలేదు, కూర్చుని చూసుకోవాలి. హైక్రాస్‌లో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2,850 మిల్లీమీటర్లు, క్రిస్టాలో 2,750. ఆ పది సెంటీమీటర్లూ ఎక్కడికి పోయాయో వెనక కూర్చుంటే తెలుస్తుంది.

ఇంకోటి, అక్క బండి ఎక్కే ఎత్తు. చీర కట్టుకున్న మనిషి, మోకాలు వంగని మనిషి, ఎత్తు బండి ఎక్కాలంటే ముందు పైన పట్టుకునే పిడి కావాలి, తర్వాత ఎవరో ఒకరు వెనక నుంచి ఆనుకోవాలి. సైడు మెట్టు పెట్టిస్తే చాలనుకుంటారు. ఆ మెట్టు సన్నగా ఉండి వానలో జారితే అదో టెన్షన్. అక్కను షోరూమ్‌కి తీసుకెళ్ళు. ఆవిడ తనంతట తాను ఎక్కి, తనంతట తాను దిగితేనే ఆ బండి పట్టికలో ఉంచు.

ఇక పవర్ సంగతి. నీకు ఇదే కదా కావాల్సింది.

నువ్వు మీ అమ్మ ఒళ్ళో ఉన్న రోజుల్లో ఒకసారి మారేడుమిల్లి మీదుగా చింతూరు బయల్దేరాం. అద్దెకు తిప్పే పాత డీజిల్ బండి. ఐదుగురు కూర్చోవాల్సిన దాంట్లో తొమ్మిది మందిని ఎక్కించాను, పైన సామాను. బుద్ధి లేని పని, నాదే తప్పు. ఘాట్‌లో వెదురు లారీ వెనక పడ్డాం. పావుగంట పొగ మింగి విసుగొచ్చి, కాస్త తిన్నగా ఉన్న చోట రెండో గేరులో పక్కకు తీశాను. కాలు నేలకు ఆనించినా బండి ఊపందుకోలేదు. లారీ తలుపు దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా బస్సు. ఆ లారీ డ్రైవరు పుణ్యాత్ముడు, బ్రేకు కొట్టి నాకు సందిచ్చాడు. మీ అమ్మ ఇప్పటికీ ఆ ఘాట్ పేరెత్తితే మాట మారుస్తుంది. పవర్ అంటే వంద దాటించడం కాదని ఆ రోజు తెలిసింది నాకు. నిండు బండితో, ఎత్తులో, లారీ పక్కన గడిపే ఆ ఏడెనిమిది సెకన్లను నాలుగైదు చేసేదే పవర్.

దానికి హార్స్‌పవర్ అంకె ఒక్కటే చూస్తే లాభం లేదు. పక్కనే టార్క్ అని ఇంకో అంకె ఉంటుంది, అది లాగే బలం, న్యూటన్ మీటర్లలో చెబుతారు. అది ఎంత అన్నదానితో పాటు, ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగేటప్పుడు వస్తుందన్నది చూడు. టర్బో, అంటే ఇంజన్లోకి గాలిని ఒత్తిడితో నెట్టే సాధనం, లేని ఒకటిన్నర లీటర్ల పెట్రోలు ఎర్టిగాకి 103 పీఎస్ (పీఎస్ అన్నా ఇంచుమించు హార్స్‌పవరే), టార్క్ 140 లోపే, అదీ 4000 చుట్లు దాటాక. ఊళ్ళో తిరగడానికి, మైలేజీకి, తక్కువ ఖర్చుకి అంత బుద్ధిమంతురాలైన బండి ఇంకోటి లేదు, నేను ఎందరితోనో కొనిపించాను. కానీ ఏడుగురితో ఘాట్ ఎక్కేటప్పుడు దాన్ని చిన్న గేరులో అరిపించాల్సిందే. కారెన్స్‌లో ఒకటిన్నర లీటర్ల టర్బో పెట్రోలు 160 పీఎస్, 253 టార్క్ 1500 చుట్ల నుంచే అందుతుంది. ఎక్స్‌యూవీ 700లో పెట్రోలుకి 200 పీఎస్, 380 టార్క్. డీజిల్‌కి హార్స్‌పవర్ తక్కువ, 185. కానీ టార్క్ మాన్యువల్‌లో 420, ఆటోమేటిక్‌లో 450. నువ్వు 200 చూసి పెట్రోలు కింద గీత గీశావు. నిండు లోడుతో నడిపితే డీజిలే దమ్మున్నదనిపిస్తుంది నాకు.

లోడు అంటే ఎంతో లెక్క కట్టు. మనిషికి అరవై కిలోల చొప్పున ఏడుగురు 420 కిలోలు. పెట్టెలు, బియ్యం మూట, తిరుగు ప్రయాణంలో మీ అత్తయ్య కట్టే సామాను ఇంకో 80. మొత్తం అర టన్ను. పన్నెండు వందల కిలోల బండి అయితే తన బరువులో నలభై శాతం పైన మోస్తున్నట్టు. షోరూమ్ కుర్రాడితో ఇద్దరే వెళ్ళి నడిపితే ఈ అర టన్ను ఎక్కడ తెలుస్తుంది?

అందుకే టెస్ట్ డ్రైవ్‌కి ఇంటిల్లిపాదీ వెళ్ళండి. సేల్స్ కుర్రాడు గొణుగుతాడు, గొణగనీ. మే నెల మిట్టమధ్యాహ్నమైతే మరీ మంచిది, ఏసీ కూడా తేలిపోతుంది. ఏదైనా ఫ్లైఓవర్ ఎత్తులో సగంలో ఆపి, మళ్ళీ కదిలించు. వెనక్కి జారిందా, క్లచ్ వాసన వచ్చిందా చూడు. తర్వాత ఔటర్ రింగు రోడ్డు మీద ఎనభై నుంచి వంద ఎంతసేపట్లో అందుకుందో మనసులో లెక్కపెట్టు. సున్నా నుంచి వంద లెక్క కుర్రాళ్ళ పందేలకి పనికొస్తుంది.

అయితే ఇదంతా మొదటి విడత. రెండో విడతలో నువ్వు నడపకు. అమ్మాయికి స్టీరింగ్ ఇచ్చి, నువ్వు మూడో వరసలోకి పో. చైల్డ్ సీటు బిగించి ఉండగానే పో, ఎందుకంటే కొన్ని బండ్లలో ఆ సీటు బిగించాక రెండో వరస సీటు మడవడానికి రాదు, వెనక్కి వెళ్ళే దారి మూసుకుపోతుంది. రెండో వరసలో విడివిడిగా రెండు కుర్చీలున్న రకం తీసుకుంటే మధ్య నుంచి వెళ్ళొచ్చు, కానీ ఒక సీటు తగ్గుతుంది. మీ లెక్కకి అది కుదరదేమో చూసుకో. అక్కడ అరగంట కూర్చో. గతుకుల్లో తల పైకి తగులుతుందా, ఏసీ గాలి వస్తుందా, కిటికీలోంచి ఏమైనా కనపడుతుందా. బయట కనపడకపోతే ఘాట్‌లో వాంతులు ఖాయం, ఇది నా అనుభవం. గుద్దుకున్నప్పుడు కిటికీల వెంట తెరలా దిగే గాలి సంచి, అదే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్, మూడో వరస దాకా వస్తుందా అనీ అడుగు. 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ అని బండ్లను గుద్ది చూసి నక్షత్రాలిస్తున్నారు. అవీ చూడు, కానీ వెనక వాళ్ళు బెల్టు పెట్టుకోకపోతే ఐదు నక్షత్రాలూ ముందువాళ్ళకే.

మూడో వరస లేపి ఉంచి డిక్కీ తెరువు. చాలా ఎస్‌యూవీల్లో అప్పుడు రెండు చేతి సంచులకు మించి పట్టవు. షోరూమ్‌లో ఎప్పుడూ సీట్లు మడిచే చూపిస్తారు, మైదానంలా కనపడుతుంది. పైన క్యారియర్ వేద్దామంటావేమో. వేస్తే గాలి పట్టి మైలేజీ పడిపోతుంది, మలుపుల్లో బండి ఊగుతుంది, నువ్వు ముచ్చటపడిన పవర్ సగం దానికే పోతుంది.

డీజిలా, పెట్రోలా, హైబ్రిడ్డా అని అడిగావు. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 అనే పొగ నిబంధన వచ్చాక డీజిల్ కార్ల సైలెన్సర్ గొట్టంలో మసి పట్టే ఫిల్టర్ పెడుతున్నారు. ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద ఏకధాటిగా పరుగెత్తి వేడెక్కాలి. రోజూ స్కూలుకీ ఆఫీసుకీ ఆగుతూ సాగుతూ తిప్పితే ఫిల్టర్ నిండి, డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. వారానికోసారి ఔటర్ మీద అరగంట తిప్పే ఓపిక ఉంటే డీజిల్ తీసుకో. రెండు లీటర్ల టర్బో పెట్రోలు నడపడానికి హాయిగా ఉంటుంది, ట్రాఫిక్‌లో మాత్రం తాగుతుంది. లీటరుకు పది కూడా రాని రోజులుంటాయి. హైక్రాస్ హైబ్రిడ్‌లో ఇంజనూ మోటారూ కలిసి 186 పీఎస్. సిగ్నల్ దగ్గర మోటారుతోనే కదులుతుంది కాబట్టి నగరంలోనే దాని మైలేజీ అందం తెలుస్తుంది. కంపెనీ చెప్పే 23 నీకు రాదు, ఎవరికీ రాదు, కానీ మిగతావాటికంటే చాలా మేలు. గట్టిగా నొక్కితే ఇంజన్ ఒకే శ్రుతిలో మూలుగుతుంది, గేర్లు మార్చే సరదా ఉండదు. నీలాంటివాడికి అది కొంచెం నిరాశే.

బలం ఉన్న బండికి బ్రేకులూ అంత ఉండాలి. ఘాట్ ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. శ్రీశైలం నుంచి దిగేటప్పుడు బ్రేకు మీద కాలు తీయని బండ్లను వాసన బట్టి గుర్తుపట్టొచ్చు.

నన్ను ఒకటి చెప్పమంటే, అమ్మాయి ఏడాదికి నాలుగుసార్లు మూడో వరసలో రావాల్సిందే అయితే హైక్రాస్. అలా కాదు, మూడో వరస పిల్లలకే, పెద్దదానికి పన్నెండేళ్ళు వచ్చేదాకా అంతే అంటే ఎక్స్‌యూవీ డీజిల్, నీ సరదా తీరుతుంది. అప్పు చేయడం ఇష్టం లేకపోతే కారెన్స్ టర్బో, అక్క మోకాలికి కూడా ఆ ఎత్తే సుఖం అనుకుంటున్నాను.

ధర దగ్గర తొందరపడకు. నాలుగు మీటర్లు దాటిన పెట్రోలు, డీజిల్, హైబ్రిడ్ బండ్లన్నిటికీ 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 40 శాతం, అంతకు ముందు సెస్సుతో కలిపి పెద్ద ఎస్‌యూవీలకి యాభై దాకా ఉండేది. షోరూమ్ ధర మీద జీవితకాల పన్ను, ఇన్సూరెన్స్ కలుస్తాయి, కాబట్టి ఆన్‌రోడ్ ధరే రాయించుకో. ఇన్సూరెన్స్ బయట కూడా అడుగు. డెలివరీకి ముందు పగలు వెళ్ళి బండి చూడు. నాకు ఒకసారి ఒక డీలరు కొత్త బండికి ఏడాది దాటిన టైర్లు అంటగట్టాడు, నేను చూసుకోలేదు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2325 అంటే 2025లో 23వ వారం తయారైందని.

నిర్ణయం అయ్యాక ఫోన్ చెయ్యి, వచ్చి చూస్తాను. మీ అత్తయ్య మీ కోసం రెండు ఆవకాయ జాడీలు తీసిపెట్టింది. ఒక్కోటి అడుగున్నర ఎత్తు, పడుకోబెట్టడానికి వీల్లేదు. డిక్కీ కొలిచేటప్పుడు ఆ లెక్క కూడా వేసుకో.

మీ మావయ్య